దారి హక్కు: రౌతూ, సైకిలూ, మేకా

నిరుడు మా కాలేజీలో డిగ్రీ రెండవ సంవత్సరం చదివే విద్యార్థి వొకడు పాఠం మధ్యలో లేచి వొక ప్రశ్న వేశాడు. అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ పార్కులలోని కొండదారుల మీద గుర్రపుస్వారీ చేసేవారికీ, కొండసైకిళ్ళు తొక్కేవారికీ చాలా యేళ్ళుగా తగవు నడుస్తున్నదని అతడు యెక్కడో చదివాడు. "మాష్టారూ, ఇదీ వర్గపోరాటమేనంటారా?" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను. తిన్నది అరిగించుకోవటానికి కొండలెక్కేవాళ్ళ తగవులో వర్గాన్ని వెదకటం దండుగ అని చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను.

ఆ జవాబు సరైనది కాదని ఆ వారంలోనే తెలిసింది. సెలవుకు మా వూరు అనంతసాగరం వెళ్ళాను. మా వీధిలో మేకలు కాచే పెద్దాయన వొకరున్నారు; వరసకు నాకు మామ. మిట్టమధ్యాహ్నం వేళ ఆయన మేకలు యింటి ముందే కట్టివున్నాయి. అదేమని అడిగితే, "కొండదారిన తోలనీడంలా అబ్బయ్యా. నన్ను గేటుకాడ వెనక్కి మళ్ళించిన మనిషే, నా కళ్ళముందరే నలుగురు పిల్లకాయల్ని మోటారు సైకిళ్ళతో లోపలికి పంపించినాడు. ఫొటోలు దిగేదానికంట. వాళ్ళకి చీటీ వుందంట. మేకకి చీటీ యాడిస్తారో కనుక్కోని చెప్పు, చదువుకున్నోడివి గదా" అన్నారు. యీ మాటలో నిష్ఠూరంకంటె ప్రశ్న యెక్కువ వున్నది. ఆ ప్రశ్నకూ, తరగతిలో నేను నవ్వి తోసేసిన ప్రశ్నకూ దగ్గరి చుట్టరికం వున్నదని నాకప్పుడు తట్టింది. ఆ చుట్టరికాన్నే యిక్కడ విచారించదలచాను.

ముందు పరదేశపు తగవు సంగతి చూద్దాం. కొండసైకిలుకు పుట్టినిల్లు కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ. అక్కడ టామల్‌పైస్ అనే కొండ వున్నది. 1970లలో కొందరు యువకులు పాతకాలపు బరువైన సైకిళ్ళకు లావు టైర్లు తగిలించి, ఆ కొండ మీదినుంచి దిగువకు తోలటం మొదలుపెట్టారు. 1976 అక్టోబరులో పందెమే పెట్టుకొన్నారు. పదేళ్ళు తిరక్కముందే అది వొక పరిశ్రమ అయి కూర్చున్నది. ఆ దారులలో అంతకు ముందునుంచీ తిరుగుతున్న రౌతులూ, పాదచారులూ గగ్గోలు పెట్టారు. ఇరుకుదారి మలుపులో చప్పుడు లేకుండా మీదికి వచ్చే సైకిలును చూచి గుర్రం బెదురుతుంది. బెదిరిన గుర్రం మనిషిని పడవేస్తుంది. ఇది వుత్తమాట కాదు, న్యాయమైన భయమే. చివరకు అధికారులు యిరుకుదారులను సైకిళ్ళకు మూశారు. అడవి అంటుకొన్నప్పుడు మంటలార్పే బండ్లు పోవటానికి వేసిన వెడల్పు బాటలు మాత్రం వదలి, వాటి మీద కూడా వేగానికి హద్దు పెట్టారు. దేశం మొత్తం మీద, మనిషి చేయి సోకని అరణ్యాలుగా ప్రకటించిన భూములకోసం 1964లో చేసిన చట్టం యాంత్రిక రవాణాను నిషేధించింది. ఆ మాటలో సైకిలు కూడా చేరుతుందని 1984లో అటవీశాఖ నిబంధన తేల్చింది. దానితో గుర్రం లోపల, సైకిలు బయట.

సైకిలు తొక్కేవారు వూరుకోలేదు. మా చక్రంకంటె గుర్రపుడెక్కే నేలను యెక్కువ పాడుచేస్తుందన్నారు. 1994లో అచ్చయిన మొంటానా పరీక్షలో, దారి మీద మట్టిని వదులుచేయటంలో చక్రాలకంటె గిట్టలూ, పాదాలే ముందున్నాయని తేలింది కూడా. అయినా నిషేధం నిషేధంగానే వున్నది. అనగా మట్టి కోసమే చట్టం చేశామన్న మాటలో వెలితి వున్నదన్నమాట. గుర్రం ప్రకృతికి చెందినదనీ, సైకిలు నగరానికి చెందినదనీ వొక నమ్మకం ఆ చట్టానికి వెనుక పనిచేసింది. నిజానికి అమెరికా ఖండంలో గుర్రం వేలయేళ్ళ క్రితమే నశించిపోయింది. మళ్ళీ దాన్ని పడవలలో యెక్కించి తెచ్చినవారు స్పెయినుదేశపు దండయాత్రికులు. విజేత యెక్కివచ్చిన జంతువు నాలుగు వందల యేళ్ళకు ప్రకృతి అయింది. కార్ఖానాలో పనివాడు బిగించిన చక్రం మాత్రం పరాయిది అయింది.

ఇంతకూ యీ యిద్దరిలో దారి యెవరిది? మారిన్ కొండలలో అంతకుముందు నడిచినవారు మివోక్ ప్రజలు. అదే రాష్ట్రంలోని యోసెమిటే లోయలో 1851లో సైనికదళం ప్రవేశించి అక్కడి ఆదివాసులను తరిమింది. తరువాత ఆ లోయ జాతీయవనం అయింది. ఈనాడు అక్కడ గుర్రమా, సైకిలా, కాలినడకా అని లెక్కలు తేల్చేవారు కొట్టివేసినపేర్లున్న పుస్తకంలో తమ పేర్లు రాసుకొంటున్నవారే.

ఇంగ్లండు సంగతి యింకా చదవదగ్గది. ఎందుకంటే అక్కడ దారికి కూడా జాతకం వున్నది. ఊరి పొలాల గుండా పోయే దారులను కాలిదారులనీ, గుర్రపుదారులనీ వేరుచేసి రాశారు. చూపుకు రెండూ వొకటే మట్టి, వొకటే గడ్డి. రాతలో మాత్రం తేడా. కాలిదారిలో నడిచేవాడికి హక్కున్నది. అక్కడే సైకిలు యెక్కితే భూస్వామి పొలంలోకి అక్రమంగా జొరబడినట్లు లెక్క. 1968 గ్రామీణప్రాంతాల చట్టం గుర్రపుదారుల మీద సైకిలుకు ప్రవేశం యిచ్చింది, కాని పాదచారికీ రౌతుకూ తప్పుకొని పోవాలన్నది. అంతటితో ఆగక, సైకిళ్ళ కోసం ఆ దారిని బాగుచేయవలసిన బాధ్యత యెవరికీ లేదని కూడా చెప్పింది. ఇంటిలోకి రానిచ్చి పీట వేయని మర్యాద యిది. ఆ దేశపు దారులలో గుర్రానికీ సైకిలుకూ హక్కున్నవి మొత్తం మీద సుమారు అయిదోవంతే. ఉన్న ఆ కొద్దిపాటి దారిమీద రౌతు సైకిలువాడినీ, సైకిలువాడు రౌతునూ తిట్టుకొంటూ వుంటే, కంచెకు అవతల వున్న మిగిలిన భూమి గూర్చి యెవరూ మాట్లాడరు. భూస్వామికి అంతకంటె కావలసిందేమున్నది?

ఎవరూ మాట్లాడరనటం సరికాదు. మాట్లాడినవారున్నారు. 1932 ఏప్రిల్ 24 ఆదివారం నాడు మాంచెస్టరు ప్రాంతపు పనివాళ్ళు సుమారు నాలుగు వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండమీదికి మూకుమ్మడిగా నడిచిపోయారు. ఆ కొండ డెవన్‌షైర్ ప్రభువుది. ఏడాదికి కొద్దిరోజులు పక్షుల వేట కోసం దాన్ని కంచెవేసి, కాపలాదారులను పెట్టి కాపాడేవారు. వారమంతా మరమగ్గాల చప్పుడులోనూ పొగలోనూ గడిపినవాడికి ఆదివారం గాలికోసం పోవటానికి దారి లేదు. నడక నడిపించినవారిలో ముఖ్యుడు బెన్నీ రాత్‌మన్, యిరవైయేళ్ళ కమ్యూనిస్టు యువకుడు. రైలుస్టేషనులో పోలీసులు కాచివున్నారని తెలిసి అతడు అక్కడికి సైకిలుమీద చేరాడు. అయిదుగురికి శిక్షపడింది, రాత్‌మన్‌కు నాలుగు నెలలు. ఆ రోజు ఆ సైకిలు పక్క దారిలో గుర్రం వున్నదా లేదా అన్నది యెవరికీ పట్టలేదు. తగవు కంచెతో.

సైకిలంటే మన పక్షమనే భ్రమ కూడా వద్దు. మొదట అది ఇంగ్లండులో డబ్బున్న యువకుల విలాసం. 1888లో స్థానికపాలన చట్టం సైకిలును బండిగా గుర్తించి రోడ్డుమీద దానికి చోటిచ్చింది, ముందు పోయేవారిని దాటేటప్పుడు గంటతోనో మరోవిధంగానో హెచ్చరించాలన్న షరతుమీద. వెల తగ్గి పనివాడి చేతికి వచ్చిన తరువాత దాని రాజకీయం మారింది. 1894లో బర్మింగ్‌హామ్‌లో సోషలిస్టులు క్లారియన్ సైకిలు సంఘం పెట్టారు. ఆదివారాలు పల్లెలకు సైకిళ్ళ మీద పోయి పత్రికలూ కరపత్రాలూ పంచారు. ఈనాటి విదేశపు కొండసైకిళ్ళలో లక్షల రూపాయలు పలికేవి వున్నాయి. వస్తువుకు స్వతహాగా వర్గం లేదు. అది యెవరి చేతిలో, యెవరి నేలమీద, యెవరిని పక్కకు తప్పుకోమంటున్నదో చూడాలి.

ఇక మన నేలకు వద్దాం. మన చరిత్రలో గుర్రం అధికారానికి మారుపేరు. అశ్వపతి, గజపతి, నరపతి అని రాజులనే వాహనాల పేర, సైన్యాల పేర పిలుచుకొన్నాం. రౌతు కొద్దీ గుర్రమన్నాం గాని, గుర్రానికి గడ్డి కోసినవాడి గూర్చి సామెత చెప్పుకోలేదు. విజయనగర రాజులు సముద్రం మీదుగా వచ్చే గుర్రాల కోసం ధనాన్ని నీళ్ళలా పోశారు. సాళువ నరసింహరాయలు చచ్చిన గుర్రాలకు కూడా వెల యిచ్చాడనీ, ఓడలో చచ్చినదాని తోక తెచ్చి చూపితే చాలుననీ పోర్చుగీసువాడు నూనిజ్ రాశాడు. ఆయనే ప్రతి యేటా రాజు పదమూడువేల గుర్రాలు కొనేవాడని లెక్క చెప్పాడు. నూనిజ్ గుర్రాల వర్తకుడు గనుక తన సరుకును కొంచెం పెద్దది చేసి చెప్పివుండవచ్చు. అయినా ఆ లెక్క వెనుకనున్న పన్ను యెవరి చేలనుంచి వచ్చిందో వూహించటం కష్టం కాదు.

ఆ నూనిజ్ మా వుదయగిరి గూర్చి రాసిన కొద్ది వాక్యాలు నాకు మరీ విలువైనవిగా తోస్తాయి. 1513లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలో వున్న వుదయగిరి దుర్గాన్ని ముట్టడించాడు. ఏడాదిన్నర పట్టింది. కోటలో పదివేల కాల్బలమూ, నాలుగు వందల గుర్రాలూ వున్నాయని నూనిజ్ లెక్క. ఆకలితో మాడ్చటం తప్ప దాన్ని పట్టుకొనే వుపాయం లేదు, ఎందుకంటే పైకి పోయే దారి వొక్కటే. అది కూడా వొకరి వెనుక వొకరు తప్ప నడవటానికి వీలులేనంత యిరుకు. అప్పుడు రాయలు పెద్ద పెద్ద బండలు పగులగొట్టించి, కొండలకు అడ్డంగా చాలా దారులు వేయించాడు. ఆ యిరుకు దారిని వెడల్పు చేయించాడు. 1514లో కోట వశమయింది.

కళాశాల చరిత్ర పుస్తకాలలో యిది రాయల పరాక్రమం. నా దృష్టిలో యిది వొక దారి చరిత్ర. దుర్గానికి అసలైన రక్షణ ఫిరంగి కాదు, గోడ కాదు, మనిషి వెడల్పున్న దారి. ఆ యిరుకులో గుర్రానికి విలువ లేదు. రౌతు దిగి నడవవలసిందే. అందువల్ల రాజుకు దారి వెడల్పు కావలసివచ్చింది. బండలు పగులగొట్టిన చేతులు యెవరివో నూనిజ్ చెప్పడు, మన ప్రబంధకవులూ చెప్పరు. రాతిపని చేసే కులాలవారు యీనాటికీ మా తాలూకాలలో కొండరాయి కొడుతూ బ్రతుకుతున్నారు. కోట గెలిచినవాడి పేరు శాసనాలలో వున్నది. దారి వేసినవాడి పేరు దారిమీద కూడా లేదు.

తెలుగు సాహిత్యం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక వొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మన మొదటి గొప్ప యాత్రాగ్రంథం యేనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, కడప మీదుగా వుత్తరాదికి పోయి, మరుసటి యేడు సముద్రతీరపు దారిన తిరిగివచ్చారు. మజిలీకి మజిలీకి దారి యెట్లా వున్నదో, రాయా, యిసుకా, నీరు దొరుకుతుందా లేదా అన్నది అంత శ్రద్ధగా రాసిన తెలుగువాడు అంతకుముందు లేడు. ఆ శ్రద్ధకు చేయెత్తి మొక్కవలసిందే. కాని ఆ దారిని పల్లకిలోనుంచి చూచారన్నది కూడా గుర్తుంచుకోవాలి. రాయి గుచ్చుకొన్న కాలు బోయీది.

ఎక్కినవాడికీ నడిచేవాడికీ మధ్యనున్న యీ దూరం కులంతో పెనవేసుకొని మన పల్లెలలో నిన్నమొన్నటిదాకా వున్నది. తెలంగాణలో దొరగడి ముందునుంచి పోయే కింది కులాలవాడు సైకిలు దిగి, చెప్పులు చేతబట్టుకొని నడవాలి. 1970ల చివరలో కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో రైతుకూలీ సంఘాలు లేచినప్పుడు, 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది నడిచినప్పుడు, కూలిరేట్లతోబాటు యీ సైకిలు దిగటమూ తగవులోకి వచ్చింది. అంతకు ఎంతో ముందే, 1893లో, తిరువాన్కూరులో అయ్యంకాళి రెండెడ్ల బండి కొని రాజవీధిలో తోలాడు. మా వైపు గడులు లేవు. అయినా పెద్దరైతు అరుగుమీద కూర్చునివుంటే సైకిలు దిగి నడిపించుకొని పోయేవాళ్ళమని మా నాయన చెప్పేవాడు. ఆయన సైకిలు అద్దె సైకిలు, గంటకు యింత అని. దిగి నడిచిన కాలానికి కూడా అద్దె తానే కట్టాడు.

గుర్రానికీ సైకిలుకూ మన దేశంలో తగవు యిట్లా వీధిలో జరిగింది. కొండలో జరిగిన తగవు వేరు. అక్కడ రౌతు స్థానంలో సర్కారు వచ్చింది. సైకిలు స్థానంలో మేక వచ్చింది.

వెలిగొండలు నెల్లూరు కడప జిల్లాలకు సరిహద్దుగోడ. పెన్న ఆ గోడను చీల్చుకొని సోమశిల దగ్గర మా వైపుకు దిగుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు మెట్టభూములు. వాన వచ్చినయేడు పంట, రానియేడు పశువు. పశువుకు కొండే దిక్కు. చెరువు యెండితే మందను తోలుకొని కొండ దాటి కడప సీమకు పోవటం, అక్కడ కరవైతే అటువారు యిటు రావటం, యిది తాతలనాటి వాడుక. ఆ రాకపోకలకు దారులున్నాయి, దారులకు పేర్లున్నాయి.

ఈ వాడుకను హక్కుగా గుర్తించాలా వద్దా అన్నది పందొమ్మిదవ శతాబ్దంలో తెల్లదొరల మధ్యనే పెద్ద వాదమయింది. చెన్నపట్నపు రెవెన్యూ బోర్డు 1871లో అడవి చట్టపు ముసాయిదాను వ్యతిరేకించింది. ఈ రాజధానిలో యేదో వొక గ్రామం యెల్లలలో లేని అడవి యెక్కడున్నది, ఆ అడవి మీద వాడుకహక్కు లేని రైతు యెక్కడున్నాడు అన్న ధోరణిలో ఆ బోర్డు వాదించింది. సామ్రాజ్యవాదపు కచ్చేరీలోనుంచి యింత సరైన మాట రావటం అరుదు గనుక చెబుతున్నాను. వాళ్ళకు రైతు మీద ప్రేమ అనుకోనక్కరలేదు. పశువు చస్తే సేద్యం చస్తుంది, సేద్యం చస్తే శిస్తు రాదు. ఏమైతేనేం, ఆ మాట నిలవలేదు. రైలుపట్టాల కింద వేసే దుంగలకోసం, రైలింజన్లకు వంటచెరకుకోసం అడవి కావలసివచ్చింది. దేశానికి 1878 చట్టం వచ్చింది. దాన్ని తనకు తగినట్లు మార్చుకొని చెన్నపట్నం 1882లో తన అటవీచట్టం చేసింది.

ఆ చట్టం చదివితే వొక విశేషం కనబడుతుంది. ఒక అడవిని రిజర్వు చేసేముందు సెటిల్‌మెంటు అధికారి ప్రకటన వేస్తాడు. దారిహక్కు, మేతహక్కు, అటవీఫలసాయపు హక్కు, నీటికాలువ హక్కు వున్నవారు వచ్చి చెప్పుకోవచ్చు. గడువు కొద్దినెలలు. చెప్పుకోనివారి హక్కు ఆ గడువుతో ఆరిపోతుంది. దారిహక్కు అనే మాట చట్టంలోనే వున్నదని గమనించాలి. ఇవ్వటానికి కాదు, తీసివేయటానికి దానికి ముందు పేరు పెట్టవలసివచ్చింది. కొండలో మంద వెంట తిరిగే చదువురాని కాపరి, తాను రోజూ నడిచే బాటను తన హక్కని కాగితం మీద యెట్లా రాసుకొంటాడు? ఊపిరి పీల్చటానికి అర్జీ పెట్టమన్నట్లు.

దారి మూసిన తరువాత మెట్లు కట్టారు. పుల్లరి వచ్చింది. ఆవుకొక రేటు, గేదెకొక రేటు, గొర్రెకొక రేటు. మేకకు చాలా రిజర్వులలో ప్రవేశమే లేదు. మేక చిగురు కొరుకుతుంది, మొక్కను యెదగనీయదు అని కారణం. అది అబద్ధం కాదు, గుర్రం బెదురుతుందన్నది అబద్ధం కానట్లే. కాని జోడెద్దులు యెవరికుంటాయి, పాడిగేదె యెవరికుంటుంది, రెండు మేకలు మాత్రమే యెవరికుంటాయి అని అడిగితే కథ మారుతుంది. చట్టం ఎక్కడా పేదవాడి పేరెత్తదు, మాలపల్లె పేరెత్తదు, యానాదుల పేరెత్తదు. జంతువు పేరెత్తుతుంది, అంతే. మారిన్ కొండమీదా అంతే, వెలిగొండలోనూ అంతే. మనుషులను వర్గీకరించటానికి సిగ్గుపడే చట్టం వాహనాలనూ పశువులనూ వర్గీకరిస్తుంది. నా విద్యార్థి ప్రశ్నకు నేను చెప్పవలసిన జవాబు యిదే. రౌతూ సైకిలువాడూ రెండు వర్గాలు కాకపోవచ్చు. ఎవరు యెక్కివచ్చినదానికి యెంత దారి అని పంచే చేయి మాత్రం వొక వర్గానిది.

ఈ మెట్లవల్ల జరిగిన మరొక అపకారం, పల్లెలోనే చీలిక. పుల్లరి కట్టగల ఆసామి, తన ఆవులకు గడ్డి మిగలాలని మేకలవాడిని తానే అడ్డుకొన్నాడు. ఈ చీలికను దాటి జనం వొక్కటిగా నిలిచిన సందర్భాలు లేకపోలేదు. 1921లో పలనాటిలో పుల్లరి నిరాకరించారు. కడప జిల్లా రాయచోటి తాలూకాలో రిజర్వులలోకి పశువులను తోలారు. పలనాటి పోరాటానికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుకాల్పులలో నేలకొరిగాడు. మన జిల్లాలోనే 1930ల మొదట్లో వెంకటగిరి జమీందారీ రైతులు లేచినప్పుడు, మేతభూములూ అడవి వాడుకా వారి కోర్కెలలో ముఖ్యమైనవి. నెల్లూరు వెంకట్రామానాయుడుగారి జమీన్ రైతు పత్రిక ఆ పోరాటంతో పెరిగినదే. హనుమంతు పాట పాడుకొనే మనం, ఆయన అడిగింది స్వరాజ్యంతోబాటు మేతదారి కూడా అన్నది తరచు మరచిపోతాం.

స్వాతంత్ర్యం వచ్చింది. జమీందారీలు 1948 చట్టంతో రద్దయినాయి. 1882 చట్టం స్థానంలో 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీచట్టం వచ్చింది. అనుమతి లేని ప్రవేశమూ, అనుమతి లేని మేపూ నేరాలుగానే మిగిలాయి. సోమశిల ప్రాజెక్టు వచ్చింది, 78 టి.ఎం.సి.ల నీటితో డెల్టాకు అభయం దొరికింది. కొండకు అవతల కడప జిల్లా గ్రామాలెన్నో మునిగిపోయాయి. వాటితోబాటు మా వైపునుంచి అటు పోయే పాత బాటల కొసలు కూడా నీటికిందికి వెళ్ళాయి. నష్టపరిహారపు పట్టికలలో యిళ్ళున్నాయి, చెట్లున్నాయి, బావులున్నాయి. బాటకు వెలకట్టే గడి యే పట్టికలోనూ వుండదు.

తరువాత వెలిగొండలలో పెద్దభాగం, సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్లు, పెనుశిల నరసింహ అభయారణ్యమయింది. అభయారణ్యాలకు వర్తించేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. దాని 28వ సెక్షనులో, యే పనులమీద లోపలికి పోవటానికి అనుమతి యివ్వవచ్చునో వరసగా వున్నది: వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్రపరిశోధన, విహారయాత్ర, లోపల కాపురమున్నవారితో న్యాయమైన లావాదేవీ. మామ అడిగిన చీటీ సంగతి నాకిక్కడ తెలిసింది. ఫొటోకు చీటీ వున్నది. మేపు ఆ వరసలో లేదు. దాన్ని వేరే సెక్షనులో, అదుపుచేయవలసిన వాటి కింద రాశారు.

ఇక్కడ వొక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. అడవి నశిస్తే కాపరికి మాత్రం యేమి మిగులుతుంది? కలివికోడి సంగతి చూడండి. నెల్లూరులో సర్కారు వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1848 ప్రాంతాలలో ఆ పిట్టను లోకానికి చెప్పాడు. ఇరవయ్యవ శతాబ్దం మొదటినుంచీ అది కనబడక, అంతరించిందనుకొన్నారు. 1986లో కడప జిల్లా లంకమల కొండలకింద మళ్ళీ దొరికింది. వెదకి పట్టినది దుర్భిణి కాదు. పిట్టలు పట్టి బ్రతికే స్థానికుల కన్ను. ఆ పిట్టకు కావలసినది పలచని పొదలున్న నేల. మరీ దట్టమైనా పనికిరాదు, మరీ బోడిదైనా పనికిరాదు. ఎక్కువ మేపు దానికి చేటు, నిజమే. పొదలు నరికివేయటం యింకా చేటు. కాని ఆ నేలను అట్లా పలచగా వుంచినవాటిలో తరతరాల మంద కూడా వున్నదన్నమాట మరువరాదు. అడవిని కాపాడటంలో కాపరితో సంప్రదించటమా, కాపరినుంచి కాపాడటమా అన్నదే యిప్పటి పేచీ. మేకలకు హద్దు వుండకూడదని నేననను. ఆ హద్దు గీసే చోట మేకలవాడు కూడా కూర్చోవాలంటాను.

2006లో వచ్చిన అటవీహక్కుల చట్టం ఆ కూర్చొనే చోటును, కాగితంమీదనైనా, చూపించింది. మేపు, స్థిరమైనదైనా, మందతో తిరిగేదైనా, అందులో సామూహిక హక్కు. అర్జీ ఫారం 'బి'. వినవలసినది గ్రామసభ. గిరిజనులైన యానాదులకు వొక నియమం. మామలాంటి యితరులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అనగా 75 యేళ్ళు, ఆ అడవిమీద ఆధారపడినట్లు చూపాలి. ఎట్లా చూపటం? గెజిటీర్లు, పటాలు, పాత రికార్డులు సాక్ష్యం. వాటితోబాటు వూరి పెద్దలు చెప్పగా రాసుకొన్న మాటకూడా సాక్ష్యమేనని నిబంధనలలో వున్నది. 1882లో కొద్దినెలల గడువుతో ఆరిపోయిన మాటకు యిది మళ్ళీ చోటు. ఇంగ్లండులో 1949 చట్టం ప్రతి కౌంటీనీ తన దారుల పటం తయారుచేయమన్నది. మన పంచాయితీలను యెవరూ అట్లా అడగలేదు. అడిగేదాకా ఆగనక్కరలేదు కూడా.

ఈ వేసవి సెలవులలో అయిదారుగురు విద్యార్థులతో ఆ పని మొదలుపెట్టాం. పెద్దలను కూర్చోబెట్టి, యే బాట యెక్కడ మొదలై, యే నీటిగుంట మీదుగా, యెక్కడికి చేరుతుందో, చిన్నప్పుడు తమను ఆ దారిన యెవరు తీసుకుపోయారో అడిగి రాసుకొంటున్నాం. ఆడవాళ్ళు కట్టెలు మోసిన దారులు మగవాళ్ళకు తెలియవు. ఆ సంగతి రెండోరోజుకు గాని మాకు తెలిసిరాలేదు. ఒక ముసలమ్మ చెప్పిన దారిని ఆమె కొడుకే లేదన్నాడు, ఆమె లేచి వేలితో చూపించింది. రాసుకొనేది, ఆనాడు తరగతిలో ప్రశ్న వేసిన కుర్రవాడే. మామ వచ్చి కూర్చొని, "మేకల బాట ముందు రాయండి" అన్నారు. తరువాత కొండ దాటి కడప వైపు పోయే పాత మందబాట చెప్పారు. దాని అవతలి కొస యిప్పుడు సోమశిల నీటిలో వున్నది. కుర్రవాడు కలం ఆపి నా వైపు చూచాడు, రాయాలా వద్దా అని. రాయమన్నాను.